తెట్టులో లేని లోహం

జూన్ 8, శనివారం

ఈ పుస్తకం బావ ఇచ్చాడు. ప్లాంటులో లాగ్ రాయడానికి తెప్పించారట. గీతలు వంకరగా అచ్చయ్యాయని స్టోరువాళ్ళు పారేయబోతుంటే ఇంటికి పట్టుకొచ్చి, "వంకర గీతలు, వంకర బుద్ధి, జోడీ కుదిరింది, రాసుకో" అని నా చేతిలో పెట్టాడు. కనుక రాస్తున్నాను. నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి ఇందులో అక్షరదోషాలూ నావే, అబద్ధాలూ నావే.

శ్రీశ్రీశ్రీ లోహపు తూకాల అధికారి వారి, అనగా నా, దినచర్య: పొద్దున్నే లేచుట, అక్క చేత తిట్లు తినుట, బావ బండి వెనక కూర్చుని ప్లాంటుకు పోవుట, పెద్దాయనకు సేవ చేయుట.

పెద్దాయన అంటే మా రియాక్టరు. రెండు నిలువుల ఎత్తు స్టీలు గొట్టం. కడుపులో అరవై కిలోల కరిగిన లోహం: గాలియం, అందులో చిటికెడు నికెల్. ఊరంతా పారేసిన కవర్లూ డబ్బాలూ కరిగించి కిందనుంచి ఆయన కడుపులోకి తోస్తాం. ఆ లోహంలోంచి బుడగలుగా పైకొచ్చేలోపు ప్లాస్టిక్ కాస్తా గ్యాసైపోతుంది. గ్యాసు పైనున్న కూలర్లో చల్లబడి బయటికొస్తే దాంతో మళ్ళీ కొత్త ప్లాస్టిక్ చేసుకోవచ్చు. చచ్చిన కవరుకు మరుజన్మ. పెద్దాయన టైముకి తినాలి, వేడిగా తినాలి, మధ్యలో ఆపితే అలుగుతాడు, ఆ తర్వాత రోజంతా తేన్పులు. ఇంట్లో ఒక పెద్దాయన ఉన్నవాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

లోహం మాత్రం ఖర్చవదు. అదీ దాని గొప్ప. అది ఉత్ప్రేరకం, అంటే విడాకుల వకీలు లాంటిది. ఎన్ని జంటల్ని విడగొట్టినా తను చెక్కుచెదరకుండా సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. ప్రతి శనివారం సాయంత్రం పెద్దాయన కడుపు ఖాళీ చేసి, లోహం మీద కట్టిన నల్లటి తెట్టు తీసేసి, మిగిలింది తూచడం నా ఉద్యోగం. ఈరోజు కొత్త లోహం కలిపి సరిగ్గా అరవైకి తెచ్చాం.

60.00. ఇంత గుండ్రటి అంకె నా మార్కుల షీట్లలో ఎప్పుడూ చూడలేదు.

జూన్ 10, సోమవారం

పెద్దాయన నెత్తిమీది కూలరుకు చిల్లు పడింది. కొత్త స్టీలు కూలరుకు ఆరువారాలట. జూలై 22న ఇస్తారట. మేడమ్, అంటే మా ప్రాజెక్టు హెడ్డు, ఏదో సదస్సుకి వెళ్ళారు. స్టోర్లో ఒక కూలరు పడుంది. కొలతలన్నీ సరిపోతాయి. ఒకటే చిక్కు, అది అల్యూమినియంది.

మా దగ్గర అల్యూమినియం అనే మాట తిట్టుతో సమానం. మా లోహం దాన్ని తాకితే చాలు, ఎముకల్లోకి దూరిపోయి లోపల్లోపలే డొల్ల చేసేస్తుంది. పైకి మాత్రం తళతళా మెరుస్తూనే ఉంటుంది. నలిపితే పొడి. అందుకే పెద్దాయన చుట్టూ నేలమీద పసుపు గీత గీశారు. గీత దాటేవాడు ఎంతటివాడైనా వాచీ, కీచైను, టిఫిను చుట్టిన రేకు, అన్నీ ట్రేలో వదిలి రావాల్సిందే.

బావ గీతకేసి చూశాడు, పైకి చూశాడు. బావ ఇక్కడ పదకొండేళ్ళుగా ఫిట్టరు. నాకీ ఉద్యోగం వచ్చింది కూడా ఆయన మాట మీదే.

"గీత నేలమీద ఉంది కదా. నిచ్చెనెక్కితే వర్తిస్తుందా, వర్తించదా? చదువుకున్నోడివి, చెప్పు."

నేను నా షీట్లు తెచ్చి పరిచాను. ఇరవై వారాల తూకాలు. తగ్గిన ప్రతి గ్రామూ తెట్టులోనే ఉంది. పైకి పోయిన లోహం, సున్నా.

"అక్కడికి గ్యాసు తప్ప ఇంకేం రాదు బావా. లోహం బరువు. దానికి రెక్కల్లేవు."

"నిజంగా చెప్తున్నావా, జోకా?"

"నిజం."

"నీ మొహం రెంటికీ ఒకేలా ఏడుస్తుంది, అదే నా బాధ."

మార్పు చీటీ మీద మేడమ్ తరఫున నేను సంతకం పెట్టాను. సంతకం చాలా అందంగా వచ్చింది. సాయంత్రానికల్లా కూలరు బిగించేశాడు.

జూన్ 15, శనివారం

59.82.

తగ్గిన 180 గ్రాములూ తెట్టులో పోయినట్టు రాశాను. నీకెలా తెలుసురా అంటే, తెలీదు. తెట్టులో నిజంగా ఎంత లోహం ఉందో చూడాలంటే దాన్ని ఆసిడ్లో రెండ్రోజులు కరిగించాలి. రెండ్రోజులు! నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నాయన పోతూ పోతూ అసలు రహస్యం చెవిలో ఊది పోయాడు: ఎంత తగ్గితే అంతా తెట్టులో ఉన్నట్టు రాసెయ్. లెక్క ఎప్పుడూ సరిపోతుంది. సోమవారం మేడమ్ "సరిపోయిందా?" అంటారు. "సరిపోయింది మేడమ్" అంటాను. సరిపోక ఎక్కడికి పోతుంది, సరిపోయేలా రాసేది నేనేగా.

జూన్ 22, శనివారం

59.60.

మేడమ్ వచ్చేశారు. జూలై 25న పెద్దమనుషులు వస్తున్నారట, పెద్దాయన భోజనం చేసే వైభవం కళ్ళారా చూడ్డానికి. వాళ్ళకి నచ్చితే ఇంతకు పదింతల ప్లాంటు కడతారు. నచ్చితే నా ఉద్యోగం కూడా పర్మనెంటు. అందుకని ఇవాళ్టినుంచి పెద్దాయనకి మేత పెంచారు. బుడగలు కుతకుతలాడుతున్నాయి.

కూలరు చీటీ మేడమ్ చూశారు. "అల్యూమినియమా?" అన్నారు, కళ్ళజోడు మీదనుంచి.

"ఆరువారాలకే మేడమ్. పైకి పోయే లోహం సున్నా. షీట్లో ఉంది."

"షీటు నీదే కదా?"

"నాదే మేడమ్."

"సరే మరి."

జూన్ 29, శనివారం

59.31. పెద్దాయనకి వయసుతోపాటు ఆకలి పెరుగుతోంది. తెట్టులోనే రాశాను.

జూలై 3, బుధవారం

బావ పని రాస్తాను, ఎందుకంటే ఆయన రాసుకోడు. తొమ్మిదింటికి, ఒంటిగంటకి, ఐదింటికి, రోజూ మూడుసార్లు నిచ్చెనెక్కుతాడు. కూలరుకు రెండు గదులు. ఒకదానికి గ్యాసు కట్టేసి, మూత తెరిచి, గ్యాసుతో వచ్చి లోపల గట్టిపడ్డ మైనాన్ని వైరు బ్రష్షుతో గీకుతాడు. పక్క గదిలో వేడి గ్యాసు పోతూనే ఉంటుంది. ఆయన మొహానికీ ఆ గ్యాసుకీ మధ్య వేలెడు మందం గోడ. ఆ గోడని ఆయన రోజూ అద్దంలా తోముతాడు. "అత్తారిచ్చిన గిన్నెలు కూడా ఇంత శ్రద్ధగా తోమలేదు ఈయన" అని అక్క అంటుంది.

ఇవాళ బ్రష్షు ఇంటికి తెచ్చాడు, కర్ర వదులైందని. దాని తీగలు వెండిలా మెరుస్తున్నాయి. అక్క వేలితో రాస్తే వేలిమీద బూడిదరంగు మరక పడింది.

"ఏంటండీ ఇది?"

"అల్యూమినియం పొడి అయ్యుంటుంది. ఏరా?"

"అయ్యుంటుంది," అన్నాను.

సబ్బుతో కడిగితే పోలేదు.

జూలై 6, శనివారం

58.94.

తెట్టు కూడా ఆ మేరకి పెరిగి ఉండాలి. బకెట్లో పెరిగినట్టు కనబడలేదు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. కళ్ళజోడు శుభ్రంగా ఉంది.

జూలై 9, మంగళవారం

పెద్దమనుషులకిచ్చే రిపోర్టులో తెట్టు పరీక్ష కాగితం ఒకటి ఉండాలన్నారు మేడమ్. "తేడా కట్టి రాసింది కాదు, నిజంగా కరిగించి చూసింది" అన్నారు. అంటే ఆవిడకి ముందునుంచీ తెలుసా? అడగలేదు. నాలుగు వారాల తెట్టూ ఆసిడ్లో వేశాను. లోహపు తూకాల అధికారి వారు ప్రప్రథమముగా పని చేయుచున్నారు.

జూలై 11, గురువారం

ముందు కూడిక తప్పనుకున్నాను. తర్వాత తీసివేత తప్పనుకున్నాను. తర్వాత ఆసిడు పాతదనుకుని కొత్త సీసా తెరిచి ఒక చిన్న ముక్క మళ్ళీ చేశాను. మూడుసార్లూ ఒకటే మాట.

పెద్దాయన కడుపులోంచి నెలరోజుల్లో పోయింది 1060 గ్రాములు. తెట్టులో దొరికింది 190.

870 గ్రాములు ఎక్కడ?

నేలమీద లేదు. కింది పైపులన్నీ స్టీలు, పోయిన శనివారం కడుపు ఖాళీ చేసినప్పుడు తీసి చూశాం, శుభ్రంగా ఉన్నాయి. ఇక మిగిలింది పైకే. బుడగ పగిలినప్పుడల్లా కంటికి కనబడని తుంపర లేస్తుంది. గ్యాసు దాన్ని మోసుకుపోతుంది. రెక్కలు దానికి లేవు, నిజమే. గ్యాసుకున్నాయి. మేత పెంచిన దగ్గర్నుంచి తుంపర కూడా పెరిగింది. పైన ఉన్నది అల్యూమినియం కూలరు. అల్యూమినియం మీద సహజంగా ఒక సన్నటి తుప్పుపొర ఉంటుంది, అదే దాన్ని కాస్తో కూస్తో కాపాడేది. ఆ పొరని రోజుకి మూడుసార్లు వైరు బ్రష్షుతో గీకి పారేస్తున్నది మా బావ.

"పైకి పోయిన లోహం సున్నా" అని ఆయనకి చూపించిన ఇరవై వారాల షీట్లు. అవన్నీ కూడా నేను తేడా కట్టి రాసినవే. నేను రాసిన అబద్ధాన్ని సాక్షిగా పిలిచి, నేనే నమ్మి, సంతకం పెట్టాను.

ల్యాబ్ కిటికీలోంచి చూస్తుండగానే ఐదైంది. బావ ఎక్కాడు. గీకాడు. దిగాడు. కింద నన్ను చూసి బ్రష్షు ఊపాడు.

ఒకటి.

ఇంటికొచ్చేదాకా బండి వెనక నోరు మెదపలేదు. "ఏరా, మౌనవ్రతమా? ఎవరా అమ్మాయి?" అన్నాడు. అన్నం తింటున్నప్పుడు చెప్పొచ్చనుకున్నాను. అక్క కందిపోయిన దవడ పట్టుకుని పంటినొప్పి అంటోంది. ఈ గొడవలో ఎందుకని ఊరుకున్నాను.

జూలై 12, శుక్రవారం

ఒక పరీక్ష పరీక్ష కాదు. ఏ శాస్త్రవేత్తనైనా అడగండి.

మేడమ్‌కి కాగితమిచ్చాను. తెట్టులో లోహం: 1060 గ్రాములు. ఇది అబద్ధం కాదు, తాత్కాలికం. 22న స్టీలు కూలరొస్తుంది. పాతది దించేస్తాం. దించినదాన్ని నేనే తీసుకెళ్ళి తుక్కులో వేస్తాను. అప్పుడు ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి ఏమీ జరగనట్టే. ఇంకా పది రోజులు. ముప్పైరోజులు నిలబడ్డది పదిరోజులు నిలబడదా? ఇప్పుడు నోరు తెరిస్తే ప్రాజెక్టు పోతుంది, నా ఉద్యోగం పోతుంది, నన్ను తెచ్చిపెట్టిన బావ పరువు పోతుంది. అంటే బావ కోసమే ఊరుకుంటున్నానన్నమాట.

చదువుతుంటే బాగానే ఉంది.

ఎక్కాడు, దిగాడు. నాలుగు.

జూలై 13, శనివారం

58.50. ఏడు.

జూలై 15, సోమవారం

పది.

జూలై 16, మంగళవారం

ఒంటిగంటకి దిగుతూ బావ నా బల్ల దగ్గరికొచ్చి ఒక రేకుముక్క పెట్టాడు. కూలరు బయటివైపు రెక్కల్లో ఒకటి. చెయ్యి తగిలితే ఊడొచ్చిందట.

"చూడరా తమాషా." రెండువేళ్ళ మధ్య పట్టుకుని నలిపాడు. అప్పడంలా పటపటమని పొడైంది. "ఎంత చవక సరుకు కొంటారో చూడు. మేడమ్‌కి చూపిస్తే సరి."

"నేను చూపిస్తాలే బావా."

"నువ్వు చూపిస్తావా?"

"ఎలాగూ వెళ్తున్నా."

పొడిని కాగితంలోకి ఊడ్చి మడిచి డ్రాయరులో పెట్టి తాళం వేశాను. మేడమ్ గది పక్కనుంచే రెండుసార్లు నడిచాను.

లోహం లోపలి గోడని దాటుకుని బయటి రెక్కలదాకా వచ్చేసిందంటే.

పదమూడు.

జూలై 17, బుధవారం

బావ సెలవు. అక్కని పన్ను పీకించడానికి తీసుకెళ్ళాడు. ఆయన బదులు వేరే ఫిట్టరు ఎక్కాడు, కొత్తగా చేరినతను. పేరు కూడా సరిగ్గా తెలీదు నాకు. మూడుసార్లు ఎక్కి దిగాడు.

ఇవాళ నాకు ఆకలేసింది. వారంలో మొదటిసారి. క్యాంటీన్లో రెండు ప్లేట్లు తిన్నాక గానీ తట్టలేదు, ఎందుకింత హాయిగా ఉన్నానో.

అతని లెక్క ఇందులో కలపలేదు.

జూలై 18, గురువారం

పదహారు.

జూలై 19, శుక్రవారం

చెప్పాను. నిజంగా చెప్పాను. బండి మీద వస్తూ, సిగ్నలు దగ్గర.

"బావా, ఆ కూలరు ఏదో ఒకరోజు బిస్కెట్‌లా విరిగిపోతుంది."

"విరిగితే టీలో ముంచుకు తిను."

"జోకు కాదు."

"పోయినేడు నా హెల్మెట్లో బతికున్న తొండ ఉందన్నావు. అదీ జోకు కాదన్నావు. ఆఫీసు ముందు నడిరోడ్డు మీద హెల్మెట్ విసిరేశాను. అందరూ ఇప్పటికీ నన్ను చూసి తొండలా తల ఆడిస్తారు."

"ఇది వేరు."

"ప్రతీదీ వేరేరా నీకు." పచ్చలైటు పడింది.

నేను ఇంకొక్క వాక్యం చెప్పి ఉంటే నమ్మేవాడు. 870 గ్రాములు అంటే చాలు, పదకొండేళ్ళ ఫిట్టరు, మిగతాది తనే అర్థం చేసుకునేవాడు. ఆ వాక్యంలో నా సంతకం కూడా ఉంది. కాబట్టి నవ్వాను.

చెప్పాను కదా, నమ్మకపోతే నేనేం చేయను అని రాద్దామని పుస్తకం తెరిచాను. రాయలేకపోతున్నాను.

పంతొమ్మిది.

జూలై 20, శనివారం

57.95. ఇరవై రెండు. ఎల్లుండి స్టీలు కూలరు.

జూలై 22, సోమవారం

రాలేదు. ఇంకో పదిరోజులట. లారీ దొరకలేదట. కూలరు తయారై గోడౌన్లో కూర్చుని ఉందట, లారీ దొరకలేదట.

"25న పాతదాంతోనే నడిపిద్దాం, బానే ఉంది కదా," అన్నారు మేడమ్. గదిలో నేనూ ఆవిడా తప్ప ఎవరూ లేరు. తలుపు కూడా మూసే ఉంది. ఇంతకంటే మంచి సమయం ఇంకెవరిస్తారు? ఆవిడ నావైపే చూస్తున్నారు. "ఏమయ్యా, బానే ఉందా?"

"బానే ఉంది మేడమ్."

ఇరవై ఐదు.

జూలై 23, మంగళవారం

ఇరవై ఎనిమిది.

జూలై 24, బుధవారం

రేపు మేత ఇంకా పెంచుతారు. ప్లాంటంతా కడిగారు. పసుపు గీతకి కొత్త రంగు వేశారు. బావ చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. పైన ప్లాట్‌ఫారం మీద ఆయనే నిలబడి పెద్దమనుషులకి కూలరు చూపించాలట.

"కిందనుంచి ఫొటో తియ్యరా, పొట్ట కనపడకుండా," అన్నాడు.

ముప్పై ఒకటి.

జూలై 26, శుక్రవారం

ఆసుపత్రి వరండాలో రాస్తున్నాను. నిన్నటిది క్రమంగా రాయాలి. మేడమ్‌కి రాసివ్వాల్సింది వేరు. ఇది నాకు.

పొద్దున్న తొమ్మిదికి బావ ఎక్కాడు, దిగాడు. ముప్పై రెండు. తర్వాత పెద్దమనుషులు ఆరుగురు తెల్ల హెల్మెట్లు పెట్టుకుని వచ్చారు. మేత పెంచారు. పదిన్నరకి నేను కంట్రోలు బల్ల దగ్గర నిలబడి ఉన్నాను. గ్యాసు ఒత్తిడి ముల్లు కొద్దిగా, గోరంత, కిందికి జారింది. నా చెయ్యి నన్నడక్కుండానే ఎర్ర బటను నొక్కింది.

పెద్దాయన ఆగిపోయాడు. అందరూ నావైపు తిరిగారు.

"ఏమైంది?" మేడమ్ గొంతు మెల్లగానే ఉంది.

అప్పుడు చెప్పాల్సింది ఒక్కమాట. కూలరు. నోరు తెరిచాను. తెల్ల హెల్మెట్లు ఆరూ చూస్తున్నాయి. "మీటరు తప్పు చూపిస్తోంది మేడమ్" అన్నాను.

ఆపిన మంచిపనిని కూడా అబద్ధంతో చేశాను. మీటరు తప్పు అన్నాక ఏం చేస్తారు? మీటరు మార్చారు. పావుగంట పని. కొత్త మీటరు అన్నీ బాగున్నాయంది. మేడమ్ నన్ను పక్కకి పిలిచి, "వారం నుంచి చూస్తున్నాను, మనిషివి మనిషిలా లేవు. ఇంటికెళ్ళి పడుకో," అన్నారు. బావ గేటుదాకా వచ్చాడు. "నా పరువు తీశావు కదరా. పోనీలే. ఆటో ఎక్కు," అని యాభై కాగితం జేబులో కుక్కాడు. పన్నెండింటికి మళ్ళీ మొదలుపెట్టారు.

ఇంటికెళ్ళేసరికి అక్క మిషను మీద స్కూలు యూనిఫాంలు కుడుతోంది. బుగ్గ ఇంకా వాచే ఉంది.

"ఇప్పుడొచ్చావేంటి? ఒంట్లో బాలేదా?"

"అక్కా, బావ ఎక్కే కూలరు లోపల డొల్లైపోయింది. విరుగుతుంది. నాకు తెలుసు."

మిషను ఆగింది. ఆమె గాలియం అంటే ఏంటని అడగలేదు. ఎందుకు, ఎలా అని కూడా అడగలేదు.

"ఆయన ఇప్పుడు ఎక్కడున్నారు?"

"ఒంటిగంటకి ఎక్కుతాడు."

గడియారం చూసింది. పన్నెండూ నలభై. ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. ఫోన్లన్నీ గేటు దగ్గర వదిలేయాలి. మేడమ్‌దీ అంతే. గేటు నంబరు నా దగ్గర లేదు. ఆమె అప్పటికే చెప్పులేసుకుంటోంది. సూది కింద నీలం గుడ్డ అలాగే ఉంది. పక్కింటివాళ్ళ స్కూటరు తాళాలు లాక్కుని, "ఎక్కు" అంది. దారిపొడుగునా ఆమె వీపు వెనక కూర్చుని నేనే ఏదో వాగుతున్నాను. బుడగలు, తుంపర, బ్రష్షు. నాకే వినబడలేదు.

గేటులోకి నన్నయితే రానిచ్చారు. ఆమెని ఆపబోయారు. ఎవరాపగలరు?

బావ పైన ఉన్నాడు. కింద మేడమ్, పెద్దమనుషులు తలలెత్తి చూస్తున్నారు.

"ఏవండీ! దిగండి!"

బావ వంగి చూశాడు. ఇస్త్రీ చొక్కా. ఇంతమంది ముందు పెళ్ళాం అలా అరిచేసరికి సిగ్గుపడి నవ్వాడు. "ఏంటే? క్యారేజీ తెచ్చావా?"

"బావా, కూలరు పోతుంది! దిగు!" అని నేను.

"వాణ్ణి మళ్ళీ ఎవరు రానిచ్చారు?" అన్నాడు. పెద్దమనుషుల్లో ఒకాయన కూడా నవ్వాడు.

మేడమ్ మాత్రం నవ్వలేదు. నా మొహం చూశారు. "తెట్టు లెక్క?" అన్నారు.

"అబద్ధం మేడమ్."

ఆవిడ పరుగెత్తుకెళ్ళి తనే ఎర్ర బటను నొక్కారు. అక్క నిచ్చెన పట్టుకుంది. "మీరు దిగుతారా, నన్ను ఎక్కమంటారా?" అంది. ఆ మాటకి బావ కదిలాడు. మేత ఆగినా కడుపులో మిగిలిన గ్యాసు పైకి పోతూనే ఉంటుంది, ఒకటి రెండు నిమిషాలు.

ఆయన మూడు మెట్లు దిగాడు. నాలుగోదానిమీద కాలు పెట్టాడు.

పెద్ద చప్పుడేం కాలేదు. ఎండుటాకుల మీద ఎవరో కాలేసినట్టు అయింది. కూలరు ఒక పక్క మొత్తం మెల్లగా లోపలికి కూలింది. తర్వాత గ్యాసు, తర్వాత మంట. ఆయన పైమెట్టు పట్టుకున్న ఎడమచెయ్యి, మెడ, చెవి. చెయ్యి వదిలేసి మా మీద పడ్డాడు.

రెండు మెట్లు పైన ఉండుంటే మొహం కూడా కాలేది అన్నాడు డాక్టరు. పైనే ఉండుంటే అని అడగలేదు ఎవరూ.

జూలై 27, శనివారం

మేడమ్‌కి అన్నీ రాసిచ్చాను. తూకాలు, తెట్టు, చీటీ, డ్రాయరులో కాగితం పొట్లం. సంతకం పెట్టాను. ఆవిడ చదివి, తన సంతకం కూడా కింద పెట్టారు. "తేడా కట్టి రాస్తున్నావని నాకు మార్చిలోనే తెలుసు," అన్నారు. సోమవారం విచారణ.

కొత్త ఫిట్టరు కనబడ్డాడు. పేరు అడుగుదామనుకున్నాను. అతను తప్పుకుని వెళ్ళిపోయాడు.

ఇంట్లో అక్క నాకు అన్నం పెట్టి మూత పెట్టి వెళ్తోంది. పిలవదు.

జూలై 28, ఆదివారం

ఇవాళ బావ మాట్లాడాడు. ఎడమచేతికి మోచేతిదాకా కట్టు. మూడువేళ్ళు మునుపటిలా వంగవట. అక్క మందులకి కిందికెళ్ళింది. గదిలో మేమిద్దరమే. నేను కిటికీ పక్క స్టూలు మీద కూర్చున్నాను. ఆయన పైకప్పు చూస్తున్నాడు. నేను ఏదో ఒకటి అని నవ్వించాలని చూశాను. ఒక్కటీ దొరకలేదు.

"ఒక్కటి అడుగుతాను," అన్నాడు. "నీకెప్పుడు తెలిసింది?"

ఆరోజే, మీటరు ముల్లు జారినప్పుడే అనొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. అలా అంటే నమ్మేవాడు. నమ్మాలనే చూస్తున్నాడు.

"పదకొండున," అన్నాను.

ఆయన బాగున్న కుడిచేతి వేళ్ళు దుప్పటి మీద ఒక్కొక్కటీ ముడుచుకోవడం మొదలుపెట్టాయి.

"పదకొండు నుంచి... మధ్యలో రెండు ఆదివారాలు పోను... మీ అక్క పన్నుకి ఒకరోజు..."

"ముప్పై మూడుసార్లు బావా."

వేళ్ళు ఆగాయి. తల నావైపు తిప్పాడు. మెడ కట్టుతో అది ఎంత కష్టమో కనబడుతోంది.

"లెక్కపెట్టావన్నమాట," అన్నాడు.